లెక్క తేలేదాకా

ఫాల్మత్ తీర రక్షణ కేంద్రం. రాత్రి మూడు ఇరవై.
వాన కిటికీ అద్దాన్ని గోళ్ళతో గీరుతోంది.
రేడియోలో ఎవరో కెప్టెన్,
తప్పు చెప్పుకోవడానికి వచ్చి
గుమ్మంలో చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయినవాడి గొంతు:
"కొన్ని పెట్టెలు జారాయి."

కొన్ని అంటే?

"లెక్క ఇంకా తేలలేదు."

నా ముందున్న ఫారానికి మొహమాటం లేదు.
ఓడ పేరు. అక్షాంశం, రేఖాంశం. గాలి ఎటు నుంచి.
పెట్టెలు ఇరవై అడుగులవా, నలభైవా?
లోపల మండేది గానీ, విషం గానీ?
"ఒకదాంట్లో ఉల్లిపాయలు.
ఒకదాంట్లో బట్టల క్లిప్పులు.
మూడోది..." కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.
"మూడోది చూసి చెబుతాను.
మునిగిందేమీ లేదు మేడమ్, అన్నిటికీ బీమా ఉంది."

మునిగిందేమీ లేదనే కదా నా భయం.

సగం నీళ్ళు తాగిన ఇనప పెట్టె
కెరటానికి జానెడు కింద
చప్పుడు చెయ్యకుండా నడుస్తుంది.
రాడార్‌కి ఆనదు. చంద్రుడికీ ఆనదు.
పద్నాలుగేళ్ళ కింద, ఒక నవంబరు రాత్రి
జోరీ ట్రెగిల్గాస్ చేపల పడవకి తగిలింది అలాంటిదే.
ఏ ఓడ జారవిడిచిందో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.
జోరీ తేలాడు.
తమ్ముడు డెన్జిల్ తేలలేదు.

ఇప్పటికీ ప్రతి తుఫాను మర్నాడూ వస్తాడు,
టోపీ చేతిలో పట్టుకుని,
టీ ఇస్తే వద్దంటాడు,
ఒకే ఒక్క మాట అడుగుతాడు:
"ఈసారి ఎవరైనా చెప్పారా?"

కెప్టెన్‌తో అన్నాను,
చూసి కాదు, ఇప్పుడే చెప్పండి.
చాలాసేపు గాలి హోరే జవాబు.
తర్వాత, ఇందాకటి కంటే పదేళ్ళు చిన్నదైన గొంతు:
"ఏడు."

తేలుతున్నవి అని ఒక గడి.
మునిగినవి అని ఒక గడి.
తెలియనివి రాయడానికి చోటు లేదు,
అంచున పెన్నుతో నేనే ఒక గడి గీశాను.
ఆ దారిన పోయే పడవలన్నిటికీ
చీకట్లో పేరు పేరునా చెప్పాను.

మూడో రోజు పోర్త్‌లెవెన్ ఒడ్డంతా ఉల్లిపాయలు.
లవ్‌డే ముసలమ్మ గోనెసంచితో దిగి
"కూరలో ఉప్పు కలిసొచ్చింది" అని నవ్విందట.

జోరీ వచ్చాడు.
చెప్పారు, అన్నాను. ఏడు. నాలుగు దొరికాయి.
అతను ఏడు వేళ్ళు మడిచాడు,
ఒక్కొక్కటే నాలుగు తెరిచాడు.
మిగిలిన మూడూ అలాగే మడిచి
కోటు జేబులో పెట్టుకుని
మెట్లు దిగి వెళ్ళాడు.