ఏడో టేక్

ఈ వారం నన్ను నాలుగుసార్లు చంపారు.
ఒకసారి బాణంతో, ఒకసారి గొడ్డలితో,
ఒకసారి గుర్రం కాళ్ళకింద,
ఇంకోసారి దేనితోనో నాకే తెలీదు,
పడిపొమ్మన్నారు, పడిపోయాను.
రోజుకు నూట పది యూరోలు, మధ్యాహ్నం వేడి సూపు.
చచ్చినవాళ్ళకూ బ్రెడ్డు రెండు ముక్కలే.

ఇవాళ మాత్రం చంపడం నా వంతు.

అసలు కథకి అసలు మనుషులు వేరే ఉన్నారు,
వాళ్ళ కిరీటాలకీ వాళ్ళ కన్నీళ్ళకీ గుడారాలున్నాయి.
మాది వెనక వరుస.
పొగలో, బురదలో,
మాకూ ఓ చిన్న ద్రోహం రాసిపెట్టారు:
ఉప్పు తిన్న కాపలావాడు
శత్రువిచ్చిన వెండి కడియానికి అమ్ముడుపోయి
పక్కవాణ్ణి వెన్నులో పొడవాలి.

అట్ట పట్టుకున్న అమ్మాయి వరుసంతా చూసి
"ఎర్రగడ్డం, నువ్వు. వీణ్ణి పొడు" అంది.
వీడు ఫెలిమ్.
మా చిన్నాన్న కొడుకు.
మూడు శీతాకాలాలుగా మా మధ్య మాటల్లేవని
డబ్లిన్ నుంచి వచ్చిన పిల్లకి ఎవరు చెప్తారు?

చెరిసగం పడవ మాది. పేరు సోరక.
పీతల బుట్టలు నూట నలభై.
నా కాల్లో ఇనుప కడ్డీలు దిగి
నేను ఆసుపత్రి పైకప్పు మచ్చలు లెక్కపెడుతున్న నెలలో
ఎవడికో అమ్మేశాడు.
కాగితం మీద నా సంతకం,
చివరి అక్షరం కింద నేను లాగే వంకర గీత సహా.
స్కూల్లో బెంచీ మీద ఆ గీత
వాడికి నేర్పింది నేనే.

కత్తి రబ్బరుది. అయినా
చెయ్యి దాన్ని బరువుగానే పట్టుకుంది.

మొదటి టేక్: నా ముఖంలో సంతోషం ఎక్కువైందట.
"బాధపడుతూ పొడవాలి" అన్నారు.
రెండోది పొగ మింగేసింది.
మూడోదానికి ఆకాశంలో విమానం గీసిన తెల్లగీత,
తొమ్మిదో శతాబ్దంలో పనికిరాదు.
నాలుగోసారి వాడి శిరస్త్రాణం జారింది.
ఐదోసారి ఎవరిదో గొర్రె.
ఆరోసారి ఏమైందో చెప్పలేదు, మళ్ళీ అన్నారు.

ఏడోసారి వీపు చూశాను.

తడిసిన ఉన్ని, తోలు పట్టీలు,
మెడ మీద పాత గాయం మచ్చ:
తొమ్మిదేళ్ళప్పుడు నేను విసిరిన గాలం గుచ్చుకున్న చోటు.
వీపు ఎంత తెలివితక్కువది!
దానికి కళ్ళుండవు, నమ్మకమొక్కటే ఉంటుంది.
నా వీపుని వాడు ఇంత దగ్గరగా
ఎన్నాళ్ళు చూశాడో,
ఆ కాగితం మీద పెన్ను పెట్టేముందు.

పోటుకి ఓ క్షణం ముందు
వాడి భుజం కాస్త పైకి లేచింది,
చన్నీళ్ళు పోస్తారని తెలిసినవాడి భుజంలా.
ఏడుసార్లూ తెలుసు వాడికి నేను వస్తున్నానని.
ఏడుసార్లూ తిరిగి చూడలేదు.
నాకు మాత్రం ఆనాడు
ఎవరూ రిహార్సల్ చేయించలేదు.

"కట్. ఇది బాగుంది" అన్నారు.
ఏం బాగుందో అడగలేదు.
వాడు బురదలో పడి ఉండి చెయ్యి చాపాడు,
లేపమని.
కత్తి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను.
అంతే. లేపలేదు.
లేపకుండా అక్కణ్ణించి కదల్లేదు కూడా.

*

ఏప్రిల్‌లో ఎపిసోడ్ వచ్చింది.
ఊరంతా ఓనాన్ పబ్బులో, టీవీ కింద.
మా ద్రోహం అర సెకను.
పొగ, ఒక డాలు, ఒక మోచెయ్యి.
"ఆ మోచెయ్యి నీదేనా, తాయిగ్?"
ఎవరో అడిగారు, అందరూ నవ్వారు.

బారు ఆ చివర ఫెలిమ్,
టీవీ వైపు ముఖం పెట్టి,
నావైపు వీపు పెట్టి,
గ్లాసు ఎత్తకుండా, దించకుండా.
భుజం కాస్త పైకి లేచి ఉంది.