చుక్క మీద

హన్మకొండ నయీంనగర్, మూడో అంతస్తు.
ముందు రెండు స్పీకర్లు, వాటికి యజమానులిద్దరు:
సినిమా ఆడించే రిసీవరు ఒకటి,
రికార్డు పలికించే ప్రీయాంపు ఒకటి.

రెండోది యాకూబ్ సాబ్ కట్టింది.
కాజీపేట డీజిల్ షెడ్డులో డ్యూటీ దిగి,
రాత్రులు టంకం పొగల కూసోని,
రేకు వంచి, బెజ్జాలు కొట్టి
మా పెండ్లికి తెచ్చిచ్చిండు.
మిక్సీలిచ్చినోళ్ల పేర్లు ఇప్పుడు యాదికి లేవు.

సినిమాను అడ్డం రాకుండ సాగనంపే బటను
దానికి లేదు.
అప్పుడు ఇంటికి ఒక్క చప్పుడే సరిపోయేది.

"ఫికర్ లేదు బిడ్డా" అన్నడు.
రిసీవరు వెనక నుంచి జంట వైరు తీసి డబ్బాలకు,
డబ్బాల నుంచి పవర్ యాంపుకు.
పెట్టంగనే గుయ్యిమన్నది,
ఈగ కాదు, తేనెతుట్టె.
వైర్లు మార్చినం. ప్లగ్గు తిప్పినం.
కిందికి దిగి ఎర్తింగు గుంతల ఉప్పేసి
రెండు బకెట్ల నీళ్లు పోసినం.
ఆఖరికి టీవీ కేబుల్ ఊడపీకితే
ఇల్లంత సల్లబడ్డది.
"రెండు తొవ్వల మట్టిని తాకితే గింతే,
ఇల్లరికపల్లుని లెక్క సణుగుతనే ఉంటది."

సోఫా నడుమ మైకు నిలబెడితే
రిసీవరు ఒక్కో స్పీకరును ఊదించి కొలుచుకున్నది.
కొలిచినప్పుడు గుబ్బ ఎక్కడున్నదో అక్కడ
మా శ్రీనిజ గోళ్లరంగుతోని ఎర్రచుక్క.
సినిమాకు గుబ్బ చుక్క మీద.
రికార్డుకు మన ఇష్టం.

ఒక ఐతారం పగలంత సన్నాయి విన్న.
పాత రికార్డు, సన్నటి గొంతు,
గుబ్బ చుక్క దాటిపోయింది, మర్చిపోయిన.
రాత్రి సదానందం సినిమా పెట్టిండు.
నడిమి స్పీకర్ల హీరో గుసగుసలాడుతుంటే
రెండు పక్కల బాంబు.
గోడ మీది బల్లి కిందపడ్డది.
కింది ఇంటి రిటైర్డు తాసిల్దారు
టార్చి పట్టుకొని మెట్లెక్కి వచ్చిండు.

అప్పటి నుంచి రిమోటు ముట్టే ముందు
ఎవరో ఒకరు అడుగుతరు: "చుక్క మీదున్నదా?"
కూరల ఉప్పు ఎక్కువైందని నేనూ ఆయనా లొల్లి పెట్టుకుంటే
శ్రీనిజ ఫోన్లోంచి తలెత్తదు,
"చుక్క మీదికి రాండ్రి" అంటది.

పోయిన నెల యాకూబ్ సాబ్ వచ్చిండు.
ఇంజన్ల మోతకు ఒక చెవు ఎప్పుడో పోయింది,
రెండోది ఇప్పుడిప్పుడే.
ఛాయ్ పక్కన పెట్టి, సన్నాయి పెట్టుమన్నడు.
ఎడమ స్పీకరుకు చెవు ఆనించిండు, కుడిదానికి ఆనించిండు.
తన గుబ్బను తనే తిప్పిండు.
చుక్క దాటింది.
ఇంకొంచెం.
ఇంకొంచెం.
కిటికీ రెక్కలు వణికినయి.
మేం ఎవరం ఏమీ అనలేదు.
తాసిల్దారు కూడా ఆ పూట
టార్చి తేలేదు.