పదమూడోది

కసిమీరా ఉయోవా రుమాలు ముడి విప్పగానే
పన్నెండు నాణేలు గుట్టగా పడ్డాయి.
పదమూడోది విడిగా, వేరే గుడ్డలో,
మైలపడ్డదానిలా.

"పన్నెండింటికి ధర కట్టు.
ఇది ఊరికే తెచ్చాను,
పారేయడానికి చేతులు రాక."

సకతేకాస్‌లో జనవరి.
గులాబీరాతి సందులోంచి గాలి
తలుపు కింద దూరి
నా తక్కెడ పళ్లేలను ఊపుతోంది.
సందులో గోనెసంచి కుక్కి
ఒక్కోటీ చేతిలోకి తీసుకున్నాను.

ఎనిమిది రెయాళ్లవి.
ఒకవైపు నాగజెముడు మీద గద్ద, ముక్కున పాము.
రెండోవైపు టోపీ, చుట్టూ కిరణాలు,
కిరణాల కింద పరీక్షకుడి పొడి అక్షరాలు:
ఎప్పుడో పోయిన మనిషి
ఈ వెండికి పడ్డ పూచీ.

దొంగ నాణెం ముఖం ఎవడైనా దిద్దుతాడు.
అంచు దిద్దే ఓపిక ఎవడికీ ఉండదు.
సున్నా, గడి, సున్నా, గడి,
ఆ వరస తడబడ్డ చోట
మూసలో పోసిన అతుకు గోటికి తగిలిన చోట
దొరికిపోతాడు.

పన్నెండూ మంచివే.
రాతిపలక మీద వదిలితే
ఖంగుమని, ఆ మోత
ఎదుటి గోడ దాకా సన్నగా సాగింది.

పదమూడోది
బీటకుండలా బొక్కుమంది.

"విన్నావా!" అని నవ్వింది కసిమీరా.
ఆ నవ్వు ఆమెది కాదు,
వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది.

ముప్పై ఒకటిలో వాళ్ల పెళ్లి.
వరుడు పదమూడు నాణేలు
వధువు దోసిట్లో పోయాలి కదా.
విందులో, చెవికి పేరుమోసిన పెద్దమనిషొకడు
గుడి మెట్టు మీద ఒక్కోటీ మోగించి
ఆఖరిదాన్ని పక్కకు తోశాడట.

ఆ పూట నుంచి
క్రెసెన్సియో ఉయోవా అనే గని కూలీ
ఊరందరికీ దోన్ ప్లోమో,
సీసం దొర.
పులుసులో ఉప్పు తగ్గినా
బిడ్డకు జ్వరం తగ్గకపోయినా
అమ్మ ఆ నాణెం మాటే ఎత్తేదట.
రెండేళ్లు ఒట్లు పెట్టాడు.
తర్వాత మానేశాడు.
మానేయడమే ఒప్పుకోవడం అనుకున్నారు.

కానీ అంచు తడబడటం లేదు.
సున్నా, గడి, సున్నా, గడి.

దారం కట్టి, గ్లాసు నీళ్లలో వేలాడదీసి తూచాను.
బయట ఇరవై ఆరు గ్రాముల తొమ్మిది.
నీళ్లలో రెండున్నరకు కాస్త పైన తగ్గింది.
సీసమైతే ఇంత తగ్గదు.
తగరమైతే ఇంకా తగ్గుతుంది.
మళ్లీ తూచాను.
నీళ్లు మార్చి మళ్లీ.

భూతద్దం కింద కనిపించింది:
గద్ద రెక్క దగ్గర మొదలై
అంచు దాకా, వెంట్రుకంత పగులు.
టంకసాల దెబ్బకే వచ్చి ఉంటుంది.
వెండి వెండే. గొంతే పోయింది.

ఆ పగులు పక్కనే, అంచు మీద
ఆకురాయితో పెట్టిన గాటు,
ఎడమకు వాలి.

మా నాన్న అన్సెల్మోది ఎడమచేతి వాటం.
చెల్లదని తేల్చిన ప్రతిదానికీ
గాటు పెట్టేవాడు,
మరో పేదవాడు మోసపోకూడదని.
చెవి మీద ఎంత నమ్మకమంటే
తను కోసిన గాటులోకి
తనే తొంగి చూడలేదు.
లోపల ఇప్పటికీ
తెల్లగా, వెండి.

"మంచిదే," అన్నాను. "పదమూడూ మంచివే."

కసిమీరా చాలాసేపు మాట్లాడలేదు.
"ఇంకోసారి మోగించు" అంది.
మోగించాను.
అదే బొక్కు చప్పుడు.
తల వాల్చి వింది,
ఎవరో దగ్గి, గొంతు సవరించుకుని
ఇప్పుడు మాట్లాడతారన్నట్టు.

"నాన్న పోయి పంతొమ్మిదేళ్లు" అంది.
తర్వాత,
"ఆ రోజు మోగించినాయన ఎవరో
నీకేమైనా తెలుసా?"

సొరుగు నా మోకాలికి ఆనుకునే ఉంది.
తెరిచాను.
పిడి అరిగిన ఆకురాయి తీసి
నాణెం పక్కన పెట్టాను.

ఆమె చూపు ఆ రెండింటి మధ్య
తక్కెడ ముల్లులా
అటూ ఇటూ ఊగింది.
నిలవడానికి చాలాసేపు పట్టింది.