మడమ కింది గాలి

ఆమదాలవలస గేటు దగ్గర పడ్డాను మొదటిసారి.
బండి ఆగింది, కాలు అందలేదు.
పాత ఆసామి ఆరడుగుల మనిషట,
షాకులు ఇంకా అతన్నే మోస్తున్నాయి.

అసిరయ్య చెప్పులు విడిపించి
సీటు మీద కూర్చోబెట్టి
నా మడమ కింది గాలిని స్కేలుతో కొలిచాడు.
"దించితే గోతులన్నీ నీ నడుముతోనే మాటాడతాయమ్మీ."
"మాటాడనీ."

వెనక పొట్టి షాకులు.
ముందు ఫోర్కులు క్లాంపుల్లోంచి వేలెడు పైకి.
సైడు స్టాండూ కోసి అతికాడు,
లేకపోతే అవతలికి ఒరిగిపోతుందట.
కూలీ లెక్కలో దాన్ని రాయలేదు.

పాలకొండ రోడ్డులో ప్రతి స్పీడుబ్రేకరూ పొట్ట గీకుతోంది.
వంకరగా ఎక్కడం నేర్చుకున్నాను.

ఇవాళ మళ్ళీ అదే గేటు, గూడ్సు.
రెండు మడమలూ నేలకి ఆనించి,
ఇంజను ఆపి,
పెట్టెలు లెక్కపెట్టాను.
యాభై ఎనిమిది.