ముప్పై ఐదో వంతు

డబ్బా మూత తీస్తే కొత్త బకెట్ వాసన.
చట్రాలకు చింతకాయల్లెక్క ఏలాడుతున్న
ఆరు వందల పన్నెండు ముక్కలు,
ఒక్కోదాని పక్కన చీమ తలకాయంత అంకె.
ధర ఎంతో ఇంట్ల చెప్పలేదు.

పగలంతా హన్మకొండ చౌరస్తల ఫోన్లు విప్పుత.
పలిగిన అద్దాలు, నీళ్లల్ల వడ్డ స్పీకర్లు,
నిలబడే అడుగుతరు, అయిందా, అయిందా అని.
రాత్రి పది దాటినంక అదే చిమ్టా, అదే భూతద్దం
కొత్తవాడల మా మగ్గం అర్రకు వస్తయి.
ఇక్కడ ఎవలూ అడగరు.
ముక్క తుంచుడు, మిగిలిన బుడిపెను
గోటికి తలగనంతదాకా గీకుడు.

టీ-55 ట్యాంకు.
మొదటి చక్రానికీ రెండోదానికీ నడుమ
కొంచెం ఎడం ఎక్కువుంటది, తతిమ్మవి ఒత్తుగ.
అది తప్పితే అంతా తప్పే.
అసలుదాన్ని నేను ఎన్నడూ ముట్టుకోలేదు.
అయినా ఒకనాడు సగం మబ్బుల లేచి
ఆ ఎడం మళ్లొకసారి కొలిచిన.

మా బాపు చేరాలు గుంటమగ్గంల కూసోని
జంపఖాన నేస్తడు. ఎరుపు, పచ్చ, మళ్ల ఎరుపు.
నాడె ఆపి అడిగిండు:
"గిదేం జేస్తదిరా?"
"ఏం జెయ్యది."
"నడుస్తదా?"
"లే బాపూ."
"మరి గింత సక్కగ ఎందుకు?"

జవాబు దొరకక ఇంజను చూపెట్టిన.
పన్నెండు సిలిండర్లు, పైపులకు రాగిరంగు,
వెంట్రుకంత తీగెలు, మసి గూడ పూసిన.
రేపు మీద రేకు అతికిస్తే
మళ్ల ఎవల కంటికీ ఆనదని చెప్పిన.
బాపు నవ్వలేదు.
"జంపఖానకు లోపటి దిక్కు ఉండది కొడుకా,
ఎటు తిప్పి పరిచినా ఒక్కటే.
దాసుకుంటానికి నాకు జాగనే లేదు" అని
మళ్ల నాడె ఇసిరిండు.

ముప్పై నాలుగో మెట్టుకాడ
దీపం ముక్క చిమ్టాల నుంచి ఎగిరింది.
పచ్చ ముక్క, పచ్చ పట్టీ మీదనే వడ్డది.
టార్చి ఏసిన, బోర్లవడి ఎతికిన,
చీపురు పట్టి ఊడ్చి, చాటల పోసి చెరిగిన.
దారపు నూగు, ఒక బియ్యపు గింజ, అంతే.
తెల్లారి బాపు కండ్లు మూసుకొని
అరచెయ్యి జంపఖాన మీద ఒక్కసారి జార్చి
వేలి కొసకు అంటించుకొని ఇచ్చిండు.
"నా నేతల గింత మిట్ట ఉండది."

గొలుసులు ఒక్కో పక్క తొంభై ముక్కలు.
అవి కలపవట్టి పదకొండు రాత్రులు వోయినయి.
రంగు ఆరినంక మొగిలిచర్ల తొవ్వ ఎర్రమన్ను
పాత చీరెల జల్లించి చక్రాలకు అద్దిన.
ఆ ట్యాంకు ఏ ఊరి మన్ను తొక్కిందో గాని
నా దగ్గర గిదే ఉన్నది.

ఆఖరుకు మనిషి.
మూతల నుంచి బయటికి చూసేటోడు,
చెవులకు టోపీ, మెడల దుర్భిణి.
నడుము కాడికే అచ్చు పోసిన్రు.
కాళ్లు లేవు. లోపట ఎవలు చూస్తరని.

బాపు వాన్ని అరచేతుల బోర్లేసిండు, ఎల్లకిలేసిండు.
కోసిన కాడ నున్నగ ఉన్న నడుమును
బొటనవేలితోని రుద్దిండు.
"వీనికి గూడ గుంటేనా?"

నేను తల దించి లెక్క ఏసిన.
ముప్పై ఐదో వంతుకు తగ్గిస్తే
మా బాపు నాలుగున్నర సెంటీమీటర్లు.
గుంటల కూసుంటే కనవడేది రెండే.
ఆ మాట చెప్పలేదు.
వాని అంగీ గుండీలకు రంగు ఏసిన,
ఇంకా ఎండని దానికే మళ్లొకసారి.

జిగురు డబ్బా మూత తిప్పుతుంటే
"ఆగు" అన్నడు.
రెండు చేతులు నేలకు ఆనిచ్చి
గుంటల నుంచి కాళ్లు ఒక్కొక్కటే మీదికి తీసుకున్నడు.
మోకాళ్లు పటపటమన్నయి.
వచ్చి భూతద్దం కింద తల పెట్టి
ఇంజనును శానసేపు చూసిండు,
తెగిన పోగు ఎక్కడన్న ఉన్నదేమో అన్నట్టు.

"ఆ," అన్నడు. "ఇగ మూసెయ్."