మోకాలి నుంచి మడమ దాకా

లా పాజ్‌కి పైన, ఎల్ ఆల్టోలో గాలి పల్చన.
మెట్లెక్కుతూ పెద్దవాళ్ళమే మధ్యలో ఆగుతాం.
ఇరవై ఆరో వారానికే వచ్చేసింది నా పిల్ల,
ఆగడానికి దానికి మెట్టు కూడా లేదు.

నేను దర్జీదాన్ని.
పండగ పావడాలకి కుచ్చిళ్ళు పోస్తాను.
టేపు ఎప్పుడూ మెడలోనే.
అందుకే, మోకాలి నుంచి మడమ దాకా కొలిచే పరికరం
నర్సు ఎడెల్మీరా తెచ్చినప్పుడు
అంకె నేనే రాసుకుంటానన్నాను.

మొదటి మందు ఊపిరితిత్తుల్ని తెరిచింది.
గొట్టం తీశారు. ఏడుపు వినబడింది,
పిల్లికూన గొంతు, అయినా నా పిల్లదే.
మడమ గుచ్చి తీసిన చుక్కలో చక్కెర పొంగింది.
కాలు మాత్రం కదల్లేదు:
తొమ్మిది రోజులు, తొమ్మిదిసార్లు అదే అంకె.
ఇరవై ఏళ్ళలో
కొలతని అనుమానించడం అదే మొదలు.

రెండోది నీళ్ళు తోడే మందు.
ఊపిరిలో చెమ్మ ఇంకాలని పూటపూటా, నెలల తరబడి.
తడిగుడ్డ తూచి, పొడిగుడ్డ బరువు తీసేస్తే
మిగిలింది పిల్ల పోగొట్టుకున్నది.
"నీళ్ళొక్కటే పోతే బాగుండేది" అంది డాక్టరు.
నీళ్ళ వెంట ఎముకలో సున్నం కూడా,
వాన గోడకి వెల్ల దిగినట్టు.

నాలుగో నెల ఎక్స్‌రేలో
పక్కటెముక మీద తెల్లటి ముడి.
ఎప్పుడో విరిగిందట,
ఎవరికీ చెప్పకుండా తనంతట తనే అతుక్కుందట.
ఎప్పుడు?
నేను ఎత్తుకున్నప్పుడా?

మా అత్త బాసిలియా తను నేసిన నడికట్టు తెచ్చింది.
"బిగించి చుడితేనే ఎముక గట్టిపడేది.
నీ మొగుణ్ణి అలాగే చుట్టాను,
సిమెంటు బస్తాలు మోస్తున్నాడు చూడు."
చుట్టొద్దన్నారు. గట్టిగా పట్టుకోవద్దన్నారు.
అత్త మారు మాట్లాడలేదు.
మూడు రోజులు వార్డు గుమ్మం దగ్గర కూర్చుంది,
ఒళ్ళో ఆ నడికట్టు.

మందు ఆపెయ్యమన్నాను.
ఆపితే ఊపిరి తడుస్తుంది,
ఆపకపోతే ఎముక కరుగుతుంది.
చాలీచాలని గుడ్డతో నాకు అలవాటే,
చెయ్యి పొడుగు పెడితే నడుము చాలదు.
కానీ గుడ్డయితే
బజారుకెళ్ళి ఇంకో గజం తెచ్చుకుంటాను.

ఇంటికొచ్చాం.
మందు ఇప్పుడు రోజు విడిచి రోజు,
ఎముక కోసం పాలల్లో ఇంకేదో కలుపుతాం.
ఆక్సిజన్ సిలిండరు పిల్లకన్నా పదింతలు,
రాత్రుళ్ళు దొర్లి గోడకి కొట్టుకుంటుంది.
అత్త లేచి, నడికట్టు విప్పి
సిలిండరుకి ఏడు చుట్లు చుట్టి మంచం కోడుకి కట్టింది.
"దీన్నయినా చుట్టనిస్తారా మీ డాక్టర్లు?"

నిన్న కొలిచాను.
మిల్లీమీటరున్నర పెరిగింది.
ఎడెల్మీరా అయితే ఒకటే రాసేది.
నాది దర్జీ చెయ్యి,
కుట్టుకి కాస్త వదిలి కొలుస్తుంది.