ఉగ్గుగిన్నె కొలత

కాశీబుగ్గ గేటు పడితే నా షాపుకి బేరాలొస్తాయి.
ఊరికే నిలబడలేని జనం
రైలు పోయేదాకా ఏదో ఒకటి అడుగుతారు.
ఆవేళ గూడ్సుబండి పొడుగైంది.
బైరి దమయంతి భుజమ్మీంచి బ్రష్ కట్టర్ దించి
"గడ్డిలో ఉండగానే బిగుసుకుపోనాది బావూ" అంది.

తాడు లాగాను. రాలేదు.
సిలిండరు ఊడదీసి పిస్టన్ మీద బొటనవేలు రాశాను.
నిలువునా గీతలు,
ఎవరో మేకుతో బాకీలు రాసుకున్నట్టు.

"ఏ నూనె కలిపావు?"
"నూనేటి? పెట్రోలు పోసినాను. తాగేది పెట్రోలే కదేటి?"

తప్పు ఆమెది కాదు.
అమ్మినవాడు రసీదు రాశాడు గాని
ఒక్క ముక్క చెప్పలేదు.

చిన్న ఇంజిన్లు రెండు జాతులు దమయంతీ.
ఒకటి నూనె తాగుతుంది, ఒకటి నూనెతో తలంటుకుంటుంది.
నీది తాగేది. పెట్రోల్లో కలిపి పట్టాలి,
పొగతోపాటు పోతుంది, మళ్ళీ పట్టాలి.
కాలేజీ లాన్లో తిరిగే గడ్డి మిషను రెండోది.
దాని కడుపులో వేరే గిన్నె, అందులో ముప్పై నెంబరు నూనె.
డబ్బా మీద డబ్ల్యూకి ముందున్న అంకె చలికి, వెనకది వేడికి.
మన జీడితోటల్లో చలెంతని, వెనకంకె చూసుకుంటే చాలు.
నల్లబడితే దించేసి కొత్తది పొయ్యాలి.

ఇదంతా నీకు అక్కర్లేనిదే.
గేటింకా పడే ఉందని చెప్పాను.

ఆమె ఒక్కటే పట్టుకుంది.
"నల్లబడిపోతే తీసేసి
కొత్తది పోసెయ్యొచ్చేటి?
అదురుష్టం, ఇంజిన్ది."

అప్పుడు గుర్తొచ్చింది,
వారానికి రెండుసార్లు ఆమె మొగుణ్ణి
పలాస ఆసుపత్రిలో గొట్టాలకి తగిలిస్తారని,
ఈ మిషను ఆ భుజమ్మీంచి ఈ భుజమ్మీదికి
అలా దిగిందని.
పదో నెంబరు స్పానరు కోసం వెతికాను.
నా చేతిలోనే ఉంది.

సిలిండరు బరంపురం నుంచి రావడానికి ఆరు రోజులు.
ఈలోగా చెప్పుకోవాల్సింది ఒకటుంది.
ఒక ఏడాది స్టాకు లేక
హరిపురం మనిషికి బైకు నూనె కలిపిచ్చాను.
మసి పేరుకుని రింగులు అతుక్కుపోయాయి.
కోతకి ముందు తోట శుభ్రం చేసే రోజులవి,
రాలిన పిక్క గడ్డిలో కనపడదు.
అతను తిట్టలేదు. మళ్ళీ రాలేదు.
అప్పట్నుంచి ఉన్నదాంతో సర్దుకోమనే మాట
నూనె దగ్గర మాత్రం అనను.

లీటరుకి నలభై మిల్లీలన్నాను.
గీతల సీసా ఇస్తే వద్దంది.
కొంగుముడి విప్పి ఉగ్గుగిన్నె తీసింది,
ఇత్తడిది, ముక్కు కాస్త సొట్టపోయింది.
సిరంజితో కొలిచాను. ముప్పై ఎనిమిది.
"రెండు తక్కువ" అన్నాను.
"అంచు దాటి ఉబ్బినట్టు పోస్తే సరిపోద్ది,
మా గుంటకి అలగే పోసీదాన్ని" అని
పోసి చూపించింది.
ఎర్ర నూనె అంచు మీద వణికింది, ఒలకలేదు.

రెండో లాగుకి అందుకుంది.
నీలంగా, పల్చగా, పొగ.

ఇప్పుడు మందస రోడ్డు మీద పోతుంటే
తోటల్లోంచి మోతలు వినిపిస్తాయి.
ఆమెది గొంతుని బట్టి పోల్చుకుంటాను.
బండి నెమ్మది చేసి పొగ చూస్తాను.
పల్చగా ఉంటే
ఆపను.